నాన్న కారు... అమ్మబడును!

కొత్త కారు కొనాలంటే డబ్బుంటే చాలు. పాత కారును బతికించాలంటే ఓపిక కావాలి, పని తెలిసిన చెయ్యి కావాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా ఎక్కడ ఆపాలో తెలియాలి. పహాడీ షరీఫ్‌లో ఓ షెడ్డు ముందు అమ్మకానికి నిలబడ్డ 1993 మోడల్ కాంటెస్సాను చూస్తే ఆ మాట ఎంత నిజమో అర్థమవుతుంది.

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుని వెళ్తుంటే కాసేపటికి గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా కనిపిస్తుంది. పహాడీ అంటే గుట్ట. ఊరికి ఆ పేరొచ్చింది దానివల్లే. ఒకప్పుడు దర్గాకు వచ్చే భక్తులు, శ్రీశైలం వెళ్లే బస్సులు తప్ప పెద్దగా సందడి ఉండేది కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక అంతా మారిపోయింది. తలెత్తితే విమానాలు, తల దించితే ఎయిర్‌పోర్టుకు పరుగులు తీసే క్యాబులు. ఆ హడావుడి మధ్యే రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వెల్డింగు మెరుపులు, రంగుల వాసన!

అలాంటి ఓ షెడ్డు ముందు నిలబడి ఉంది ఆ మీగడ రంగు కారు. పొడవాటి బానెట్, వెడల్పాటి ముఖం, వెనక ఇంకో చిన్న గదిలాంటి డిక్కీ. మొత్తం పొడవు సుమారు 4.6 మీటర్లు. పక్కనున్న చిన్న కార్ల మధ్య పెళ్లి పందిట్లో పెద్దాయన కూర్చున్నట్టుంది. నంబరు ప్లేటు మీద ‘ఏపీ 9’ అని ఉంది. రాష్ట్రం విడిపోయి, టీఎస్ వచ్చి, 2024లో అది టీజీ అయినా ఈ కారు మాత్రం తన పాత పేరుతోనే ఉంది. ముందు అద్దానికి లోపలివైపు ఓ అట్టముక్క... ‘అమ్మబడును’.

అమ్ముతున్నది ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. కొన్నది ఆయన తండ్రి. పేర్లు రాయొద్దన్నారు. కారు గురించి మాత్రం ఎంత కావాలంటే అంత రాసుకోమన్నారు!

లండన్‌ దగ్గర పుట్టి... బెంగాల్లో పెరిగి

కాంటెస్సాను మన సినిమాల్లో విలన్ కారుగానే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. కానీ దాని వంశవృక్షం చూస్తే అసలు సిసలు కుటుంబం కారు. ఇంగ్లండ్‌లో లండన్‌కు దగ్గర్లోని లూటన్ పట్టణంలో వాక్స్‌హాల్ కంపెనీ కార్లు తయారుచేసేది. ఆ కంపెనీ 1972లో విక్టర్ కారులో కొత్త తరాన్ని తెచ్చింది. అమ్మానాన్నా పిల్లలూ హాయిగా కూర్చుని వెళ్లే నాలుగు తలుపుల సెలూన్ అది. ఇంటిల్లిపాదీ పట్టాలి, అయినా కాస్త దూకుడుగా వెళ్లాలి అనుకునే నాన్నల కోసం అదే కారులో ‘వీఎక్స్ 4/90’ అనే రకాన్ని అమ్మేది. రెండు కార్బ్యురేటర్లు, 2.3 లీటర్ల ఇంజిన్‌తో దాన్ని ముస్తాబు చేసింది. 1978లో ఈ కార్ల తయారీ అక్కడ ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మన హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు పైమెట్టులో ఓ పెద్ద కారు కోసం వెతుకుతోంది. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో ఆ కంపెనీ కర్మాగారం. లైసెన్సుల రాజ్యం నడుస్తున్న రోజులవి. కొత్త కారును మొదట్నుంచీ తయారుచేసుకోవడం కన్నా విదేశాల్లో ఆగిపోయిన కారు అచ్చుల్ని తెచ్చుకోవడమే తేలిక. అలా వాక్స్‌హాల్ కారు 1984లో ‘కాంటెస్సా’గా మన రోడ్ల మీదికి వచ్చింది. కాంటెస్సా అంటే ఇటాలియన్ భాషలో ప్రభువుగారి భార్య!

పేరు దొరసానిదే, గుండె మాత్రం అంబాసిడర్‌ది. మొదట్లో ఇందులో పెట్టింది అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజినే. అంత బరువైన కారును అంత చిన్న ఇంజిన్ లాగడమంటే పెళ్లి ఊరేగింపును ఒక్క ఎద్దుతో నడిపించినట్టే. చూడ్డానికి వేటగాడు, నడకలో పూజారి అన్నమాట. ఆ లోటు 1980ల చివర్లో తీరింది. జపాన్‌కు చెందిన ఇసుజు కంపెనీ పరిజ్ఞానంతో 1817 సీసీ పెట్రోలు ఇంజిన్, అయిదు గేర్ల పెట్టె వచ్చాయి. శక్తి ఏకంగా 88 హార్స్‌పవర్. ‘కాంటెస్సా క్లాసిక్’ పేరుతో వచ్చిన ఆ కారును అప్పటి మన రోడ్ల మీద దాటిపోగల సెలూన్లు వేళ్ల మీద లెక్కపెట్టుకునేన్ని! తర్వాత డీజిల్ రకమూ వచ్చింది.

ఆ వైభవం ఎక్కువకాలం సాగలేదు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం తలుపులు తెరిచింది. మారుతి ఎస్టీమ్, డేవూ సియెలో, ఒపెల్ ఆస్ట్రా, హోండా సిటీ... ఒకదాని వెనక ఒకటి దిగాయి. తక్కువ తాగి, ఎక్కువ దూరం, చప్పుడు లేకుండా వెళ్లే కార్లవి. వాటి ముందు కాంటెస్సా నిలవలేకపోయింది. 2002లో తయారీ ఆగిపోయింది.

మన షెడ్డు ముందున్న కారు ఆ తలుపులు తెరుచుకున్న సంవత్సరంలోనే పుట్టింది.

పద్నాలుగు నెలల వైద్యం

ఆయన తండ్రి చిన్నపాటి కాంట్రాక్టరు. జీవితంలో కొన్న ఒకే ఒక్క కొత్త కారు ఇది. పెళ్లిళ్లకూ తిరుపతికీ ఆసుపత్రికీ... ఇంట్లో మంచికీ చెడుకూ అన్నిటికీ ఇదే కదిలింది. 2016లో తండ్రి పోయాక కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. అది తీసేసరికి ఏడేళ్లు గడిచిపోయాయి. టైర్లు చీలికలు పేలాయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి, డిక్కీ అడుగున తుప్పు కన్నాలు పడ్డాయి. ఇనుప సామాన్ల వ్యాపారి తూకం లెక్కన ధర చెప్పిన రోజు ఆయనకు రాత్రంతా నిద్ర పట్టలేదట. తెల్లారి ఎవరో చెబితే వెతుక్కుంటూ ఈ షెడ్డుకు వచ్చారు.

ఇక్కడి ఉస్తాద్ చిన్నతనం నుంచీ ఈ పనిలోనే ఉన్నారు. మొదటిరోజు ఆయన ఏ పనీ మొదలుపెట్టలేదు. కారు చుట్టూ తిరిగి చాక్‌పీసుతో గుర్తులు పెట్టారు. తప్పక మార్చాల్సినవాటికి ఒక గుర్తు, బాగుచేస్తే సరిపోయేవాటికి ఇంకో గుర్తు, ముట్టుకోకూడనివాటికి మూడోది. పని మొత్తం ఆ మూడు గుర్తుల ప్రకారమే సాగింది.

పాత కారును బాగుచేయడంలో రెండు దారులున్నాయి. మొదటిది... అంతా ఊడదీసి, పాతవన్నీ పారేసి, అద్దంలా మెరిసేలా చేయడం. ఫొటోలకు బాగుంటుంది. అయితే చివరికి మిగిలేది పాత కారు ఆకారంలో ఉన్న కొత్త వస్తువు. రెండోది... పాడైనంత మేరకే తీసి, బాగున్నదాన్ని ఉన్నట్టే ఉంచడం. తాతల నాటి ఇంటికి సున్నం వేసి, పెంకులు సర్ది, గుమ్మం మీది పిల్లల ఎత్తు గీతల్ని మాత్రం చెరపకుండా వదిలేస్తామే... అలాగ. ఉస్తాద్‌ది రెండో దారి. చెప్పినంత తేలిక కాదది. ఎందుకంటే కొత్త రేకు వేసి పడేయడం కన్నా, తుప్పు పట్టిన బెత్తెడు మేర కోసి, అదే మందం రేకు కొలిచి అతికి, అతుకు కనపడకుండా సాపు చేయడానికి ఎక్కువ సమయం పడుతుంది.

తలుపుల కింద అంచులు, చక్రాల పైనుండే వంపులు, డిక్కీ అడుగు... తుప్పు మొదట తినేది వీటినే. నీళ్లూ బురదా చేరి ఆరకుండా ఉండేది అక్కడే కాబట్టి. లప్పం పెట్టి కన్నాలు మూసేస్తే వారంలో అయిపోయే పని. కానీ లోపల తుప్పు అలాగే ఉండి రెండు వానాకాలాలు తిరిగేసరికి రంగు బుడగలు కడుతుంది. అందుకే ఒక్క రేకు పనికే అయిదు నెలలు పట్టింది.

ఇంజిన్ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. ఇదే ఇసుజు 1.8 ఇంజిన్‌ను 1990ల్లో అంబాసిడర్‌లోనూ పెట్టారు. కాంటెస్సా పోయినా అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి పిస్టన్ రింగులు, గాస్కెట్లు, క్లచ్ ప్లేటు లాంటివి వెతికితే దొరుకుతున్నాయి. కొన్ని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనే దొరికాయి. మరికొన్ని చెన్నై పుదుపేట నుంచి, ఢిల్లీ మాయాపురి నుంచి వచ్చాయి. పాత బండ్ల భాగాలకు దేశంలో పెద్ద అంగళ్లు అవి. అసలు కష్టమంతా ఇంజిన్‌తో కాదు, పైపై వస్తువులతోనే! తలుపు పిడి, వెనక లైటు అద్దం, కిటికీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, క్రోమ్ పట్టీ... ఇవి మరే కారుకీ సరిపోవు, మరే కారువీ దీనికి సరిపోవు. ఒక్క వెనక లైటు కోసం నాలుగు నెలలు ఆగారు.

లోపల డాష్‌బోర్డు మీద ఎండకు పడిన ఓ పగులుంది. మార్చలేదు. ముందు సీట్ల బట్ట మార్చక తప్పలేదు గానీ, ఎలుకలు వదిలేసిన వెనక సీటుది మాత్రం పాత బట్టే. వెనక ఎడమ తలుపు మీద అరచేతి మందాన ఓ సొట్ట ఉంది. అంత పని చేసిన మనిషికి ఆ సొట్ట తీయడం ఎంతసేపు? తీయబోతే యజమానే చెయ్యి అడ్డుపెట్టారు. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో ఇంటి గేటుకు తగిలించింది ఆయనే. నాన్న తిట్టలేదట. గేటుకేమైనా అయిందా అని మాత్రం అడిగారట!

మరి ఎందుకు అమ్ముతున్నట్టు?

ఇంత ఇష్టం ఉన్నవాళ్లు ఎందుకు అమ్ముకుంటారు? ఈ ప్రశ్న మాకూ వచ్చింది. సమాధానం చాలా మామూలుగా ఉంది. సొంతిల్లు అమ్మి అపార్ట్‌మెంట్‌కు మారారు. అక్కడ కారు నిలిపే చోటు ఒక్కటే. అందులో కోడలు ఆఫీసుకు తీసుకెళ్లే చిన్న కారు ఉంటుంది. పైగా ఆయనకు మోకాళ్ల నొప్పులు, కాంటెస్సా క్లచ్చేమో బరువు. ఊళ్లో తిరిగితే లీటరుకు తొమ్మిదో పదో కిలోమీటర్లు. వాడకుండా ఉంచితే మళ్లీ తుప్పే. కారుకు కదలికే ఆరోగ్యం అంటారు ఉస్తాద్. పట్టా కప్పి దాచుకోవడం కన్నా నడిపే చేతికి ఇవ్వడమే మేలని ఆయన ఏడేళ్ల అనుభవం మీద తెలుసుకున్నారు.

అడగడానికి ఇప్పటికి ఇద్దరు వచ్చారు. మొదటి వ్యక్తి చెప్పిన ధరకు పైన కూడా ఇస్తానన్నాడు. కాకపోతే కారు కప్పు తీసేసి, ఇంజిన్ మార్చి, వెడల్పు చక్రాలు వేసి అమెరికా స్పోర్ట్స్ కారులా తయారు చేయిస్తాడట. కాంటెస్సాలకు ఈ ముచ్చట ఎక్కువే జరుగుతోంది. ఆయన మర్యాదగా టీ తాగించి పంపేశారు. ఇందులో మమకారం ఒక్కటే కాదు, చట్టమూ ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మౌలిక రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. ఇంజిన్ మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించాల్సిందే.

రెండో వ్యక్తి శంషాబాద్ వైపు నుంచి భార్యనూ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ధర దగ్గర ఇంకా తేలలేదు. పిల్లలు మాత్రం వెనక సీట్లో కూర్చుని దిగనన్నారు!

చట్టం దృష్టిలో ఎంత పాత?

రాజుల కార్లకు మ్యూజియాలున్నాయి. ఏడో నిజాం కాలం నాటి రోల్స్‌రాయిస్‌ను చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడొచ్చు. మధ్యతరగతి నాన్నల కార్లకు ఆ యోగం లేదు. వాటిని నిలబెట్టాల్సింది వాటి యజమానులే. దారి మాత్రం అంత సాఫీగా లేదు.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 600 రూపాయలుండే ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో దాన్ని 10,000కు పెంచారు. పాత, కాలుష్యం ఎక్కువగా వదిలే బండ్లను రోడ్డు మీంచి తప్పించాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. నెలకు రెండుసార్లు ఆదివారం పూట బయటికొచ్చే కారు కూడా అదే లెక్కలోకి రావడమే పాత కార్ల ప్రేమికుల బాధ.

దానికీ ఓ మినహాయింపు ఉంది. 2021 జులైలో కేంద్రం ‘వింటేజ్’ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుంటే ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. దీనికి ఫీజు 20,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ వాడకానికి మాత్రం పనికిరాదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ అలాంటి వేడుకలకూ తీసుకెళ్లొచ్చు. మన కాంటెస్సాకు ఆ హోదా రావాలంటే 2043 దాకా ఆగాలి. అంటే ఇప్పుడది ముసలిదీ కాదు, పడుచుదీ కాదు. ఈ మధ్యకాలం దాటించగలిగిన కార్లే రేపటి వింటేజ్ కార్లు. అందుకే ఇప్పుడు ఎవరి చేతికి వెళ్తుందన్నది అంత ముఖ్యం.

మీరూ కొనాలనుకుంటే...

ఇలాంటి పాత కార్లు ఈ దారిలోనే కాదు, ఏ ఊళ్లోనైనా కనిపించొచ్చు. మనసు పారేసుకునే ముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి.

అయస్కాంతం తీసుకెళ్లండి: పలచటి గుడ్డలో చుట్టి తలుపుల కింది భాగం, చక్రాల వంపుల మీద ఆనించండి. ఇనుముంటే పట్టుకుంటుంది. జారిపోతే లోపల ఉన్నది లప్పమే.

పొగ చూడండి: ఇంజిన్ పూర్తిగా చల్లారాక మీ ముందే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని, ఆగకుండా తెల్లపొగ వస్తే రేడియేటర్ నీళ్లు ఇంజిన్ లోపలికి చేరుతున్నాయని, నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం.

నంబర్లు సరిచూడండి: ఆర్సీలో ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. పాత చలానాలు, బ్యాంకు అప్పు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి.

రబ్బరు గొట్టాలు మార్చండి: ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ వాషర్లు దానికోసం తయారైనవి కావు. మెత్తబడి కారితే నిప్పు ప్రమాదం. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించుకోవాలి.

పేరు మార్పించండి: కొన్నవాళ్లకే కాదు, అమ్మినవాళ్లకూ ఇది ముఖ్యమే. అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చేతులు మారినా పేరు మారకపోతే, రేపు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత పాత యజమాని మెడకే చుట్టుకుంటుంది.

ఈ కారు కాగితాల విషయంలో ఆ రిటైర్డ్ ఉద్యోగి బ్యాంకు బుద్ధి ఎక్కడికీ పోలేదు. 1993 నాటి షోరూమ్ రసీదు నుంచి మొన్నటి రబ్బరు బీడింగు బిల్లు దాకా అన్నీ ఓ ఫైల్లో తేదీల వారీగా ఉన్నాయి. ఉస్తాద్ కూడా ఏ భాగం మార్చిందీ, ఏది మార్చనిదీ ఓ కాగితం మీద రాసిచ్చారు. కొనేవారికి కారుతోపాటు ఆ ఫైలూ ఇస్తారు. ఏం చేశారో దాచకుండా చెప్పడం కూడా బాగుచేయడంలో భాగమేనని వాళ్లిద్దరి అభిప్రాయం.

మేం బయల్దేరుతుంటే ఆయన ఓసారి తాళం తిప్పారు. ఒకటి, రెండు... మూడో తిప్పుకు ఇంజిన్ అందుకుంది. గంభీరంగా, ఎక్కడా తడబాటు లేకుండా. పైన ఏదో విమానం కిందికి దిగుతూ ఆ చప్పుడును కాసేపు మింగేసింది. విమానం వెళ్లిపోయాక చూస్తే కారు అలాగే మెల్లగా గుర్రుమంటోంది. ఆయన చెయ్యి మాత్రం వెనక ఎడమ తలుపు మీదుంది... సరిగ్గా ఆ సొట్ట దగ్గర!

బేరం కుదిరితే కొన్నవాళ్లకు ఒక్క మాట చెప్పాలనుకుంటున్నారట. కారు వాళ్లది కాబట్టి షరతు పెట్టలేరు, అడుగుతారంతే. రంగు ఎన్నిసార్లు వేయించుకున్నా ఫర్వాలేదు... ఆ సొట్ట మాత్రం ఉంచమని.